జైలు గేటు నుంచి అద్దె గది దాకా

జైలు రికార్డులో ప్రతి ఖైదీ పేరు పక్కన ఒక చిరునామా ఉంటుంది. అది అరెస్టయిన రోజున రాసుకున్న చిరునామా. మూడు నెలల తర్వాత బెయిలు మీద వచ్చినా, పదేళ్ల తర్వాత శిక్ష ముగించుకుని వచ్చినా, విడుదలయ్యే మనిషి నేరుగా ఆ ఇంటికే వెళ్తుందన్న లెక్క మీదే వ్యవస్థ అంతా నడుస్తోంది. మగ ఖైదీల విషయంలో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. భర్త జైలుకు వెళ్తే భార్య నాలుగిళ్లలో పాచిపని చేసో, కూలికి వెళ్లో అద్దె కడుతూ, ములాఖత్‌లకు తిరుగుతూ, లాయరు ఫీజు కోసం మెళ్లో ఉన్నది తాకట్టు పెట్టి మరీ ఆ ఇంటిని నిలబెట్టి ఉంచుతుంది. భార్య జైలుకు వెళ్లినప్పుడు మాత్రం ఆ ఇల్లు అలాగే మిగలడం అరుదు. పిల్లలు అమ్మమ్మ దగ్గరికో మేనత్త దగ్గరికో చేరతారు, అద్దె వాటా ఖాళీ అవుతుంది, సామాను తలా ఒకరింటికి పోతుంది, కొన్నిసార్లు భర్త ఇంకో కాపురం పెట్టేస్తాడు. రికార్డులో చిరునామా మాత్రం పాతదే ఉంటుంది.

విడుదలైన మహిళల పునరావాసం గురించి ప్రభుత్వాలు, సంస్థలు మాట్లాడేటప్పుడు ముందుగా వినిపించేది ఉపాధి. కుట్టుపని, అల్లికలు, బేకరీ, బ్యూటీషియన్ కోర్సు, ఇలా జైలు లోపల నేర్పించే పనుల జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇవి పనికిరానివని కాదు. కానీ కుట్టుమిషను పెట్టుకోవడానికి ముందు ఒక గది కావాలి, ఆ గదికి తాళం కావాలి, ఆ తాళం చెవి ఆ మనిషి చేతిలోనే ఉండాలి. విజయవాడ, గుంటూరు లాంటి నగరాల్లో ఈ మూడూ ఎందుకు దొరకడం లేదో చూస్తే, అసలు లోపం జైలు గేటు బయట మొదటి వారంలోనే ఉందని అర్థమవుతుంది.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో మహిళలు 23,772 మంది, అంటే నూటికి సుమారు నలుగురు. సంఖ్య తక్కువ కావడం మంచి విషయమే అయినా దానివల్ల వచ్చే నష్టం కూడా ఉంది. తక్కువమంది ఉన్నారు కాబట్టి వారికి ప్రత్యేక జైళ్లు తక్కువ, అవి దూరంగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల కోసం ప్రత్యేక కారాగారాలు రాజమహేంద్రవరంలో, కడపలో ఉన్నాయి. విజయవాడ నుంచి రాజమహేంద్రవరం సుమారు 150 కిలోమీటర్లు, గుంటూరు నుంచి ఇంకో ముప్పై అయిదు కలపాలి. మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లి, శిక్ష పడిన కూతురిని చూసి రావాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆపైన చార్జీలు పెట్టుకోవాలి. మొదటి ఏడాది నెలకోసారి వెళ్లే మనిషి రెండో ఏడాది పండక్కి వెళ్తుంది, తర్వాత ఉత్తరమో ఫోన్‌కాలో మిగులుతుంది. ములాఖత్‌లు తగ్గే కొద్దీ ఆ ఇంట్లో ఆమెకు చోటు కూడా తగ్గుతూ పోతుందని విడుదల రోజు దాకా ఎవరూ పైకి అనరు.

విడుదలల్లో రెండు రకాలున్నాయి, వాటిని కలిపి చూడటం వల్లే చాలా పథకాలు గురి తప్పుతున్నాయి. దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివారు. వీరి విడుదల తేదీ ఎవరికీ ముందుగా తెలియదు. కోర్టు బెయిలు ఇవ్వాలి, జామీనుదారులు దొరకాలి, కాగితాలు జైలుకు చేరాలి, అప్పుడు గేటు తెరుచుకుంటుంది. శిక్ష పడిన వారి సంగతి వేరు. శిక్ష తగ్గింపు (రెమిషన్) లెక్కలు వేసి విడుదల తేదీ నెలల ముందే చెప్పవచ్చు. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం యాభై మందికి పైగా జీవిత ఖైదు మహిళలను ముందస్తుగా విడుదల చేసినప్పుడు కూడా జాబితా తయారీకి, దాని పరిశీలనకు తగినంత వ్యవధి ఉంది. అలాంటి వ్యవధి ఉన్నచోట ఇంటి ఏర్పాటు ముందే మొదలుకావాలి. శిక్షానంతర సంరక్షణ గురించిన ఆలోచన ఖైదీ జైల్లో అడుగుపెట్టిన నాటి నుంచే మొదలు కావాలని 2016 నమూనా జైలు మాన్యువల్ ఉద్దేశం. జైళ్లు రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల జాబితాలోనివి కాబట్టి కేంద్రం రాసిన నమూనా ఎంత బాగున్నా అమలు చేయాల్సింది రాష్ట్రమే.

విచారణ ఖైదీ విడుదలను దగ్గరగా చూడటం అవసరం. బెయిలు ఉత్తర్వు మధ్యాహ్నం వెలువడితే పూచీకత్తు పని ముగిసి, కాగితాలు చేరి, జైల్లో సరిచూసుకునే సరికి సాయంత్రమవుతుంది. విజయవాడ గాంధీనగర్ లాంటి నగరం నడిబొడ్డున ఉన్న జైలు గేటు బయటికి రాగానే దుకాణాల లైట్లు, రైల్వే స్టేషన్ వైపు పోయే ఆటోలు, ఇంటికి వెళ్లే జనం కనిపిస్తారు. బయటికి వచ్చిన మనిషి ఒంటి మీద అరెస్టయిన రోజున కట్టుకున్న చీరే ఉండవచ్చు. చేతి సంచిలో బెయిలు కాగితాలు, లోపల మిగిలిన డబ్బు, మాత్రల చీటీ. ఫోను ఉండకపోవచ్చు, ఎందుకంటే అది సాక్ష్యంగా స్వాధీనమైతే చాలాసార్లు కేసు తేలేదాకా కోర్టు అధీనంలోనే ఉంటుంది. జామీను ఇప్పించిన బంధువు ఎవరైనా వచ్చి ఉంటే ఆ రాత్రికి ఆ ఇంట్లో తలదాచుకోవచ్చు. ఎవరూ రాకపోతే స్టేషన్‌లో వెయిటింగ్ హాలు, పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో కుర్చీ, లేదా ఏదైనా గుడి మండపం మిగులుతాయి. తెల్లవారేలోపు ఆమెతో మాట కలిపే మొదటి మనిషి ఎవరన్నది చాలాసార్లు తర్వాతి కథను నిర్ణయిస్తుంది. వ్యభిచార కూపాలకు మనుషులను చేరవేసేవారికి, గంజాయి మోయడానికి ఆడవాళ్లను వెతికేవారికి బస్‌స్టాండ్లు కొత్తవి కావు.

ఇంగ్లండులో ఈ సమస్యకు చట్టంలోనే చిన్న సవరణ చేశారు. శుక్రవారం విడుదలైతే వారాంతంలో ఏ కార్యాలయమూ తెరిచి ఉండదు గనుక, అవసరమైతే ఒకటి రెండు రోజుల ముందే వదలవచ్చని 2023లో చట్టం తెచ్చారు. అక్కడే గూడు లేనివారికి 84 రాత్రుల వరకు తాత్కాలిక వసతి కల్పించే పథకమూ ఉంది. అక్కడి జైళ్లు, ఇక్కడి జైళ్లు ఒకటి కావు కాబట్టి ఆ ఏర్పాటును యథాతథంగా తెచ్చుకోమనడం అర్థం లేని పని. కానీ విడుదల గంట, విడుదల వారం కూడా పాలనాపరమైన నిర్ణయాలేనని, వాటిని మార్చడానికి కోట్లు అక్కర్లేదని అది చూపిస్తుంది.

ఫోను సంగతికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఇవాళ ఇల్లు దొరకడానికీ ఫోనుకూ ఉన్న ముడి పదేళ్ల క్రితం లేదు. మూడు నెలలు వాడకంలో లేని సిమ్‌ను కంపెనీ రద్దు చేసి అదే నంబరును ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆధార్‌కు జోడించిన నంబరు పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే చిరునామా ఆన్‌లైన్‌లో మారదు. రెండేళ్లు లావాదేవీలు లేని బ్యాంకు ఖాతా నిష్క్రియమవుతుంది, దాన్ని తిరిగి తెరవాలంటే మళ్లీ కేవైసీ, మళ్లీ చిరునామా. రేషన్ కార్డులో పేరు ఉన్నా ఈకేవైసీ వేలిముద్ర పడకపోతే పేరుకు ముప్పే. వార్డు సచివాలయానికి వెళ్తే ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారో చూపే నమోదులో (హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో) ఆమె ఇంకా భర్త కుటుంబంలోనే కనిపిస్తుంది, ఆ కుటుంబం నుంచి విడదీయాలంటే కాగితాలు కావాలంటారు. ఒంటరి మహిళకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉన్నప్పటికీ, కాగితాల మీద ఒంటరి కానిదే ఆ మహిళ ఒంటరి కాదు. ఇక్కడ ఎవరూ దురుద్దేశంతో ఆమెను అడ్డుకోవడం లేదు. ప్రతి కౌంటరూ తన నిబంధన ప్రకారమే నడుస్తూ, పక్క కౌంటరు ఇచ్చే కాగితం అడుగుతుంది.

ఇంటిమీద ఆమెకు చట్టపరంగా హక్కు లేదా అంటే, కొంత ఉంది. 2005 నాటి గృహహింస చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం భర్తతో కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంటుంది, ఆ ఇంటిమీద ఆమెకు యాజమాన్యం లేకపోయినా సరే. ఆ ఇల్లు అత్తమామల పేరుమీద ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదని 2020లో సతీశ్ చందర్ ఆహూజా కేసులో, ఆమె ఆ సమయంలో ఆ ఇంట్లో నివసించకపోయినా హక్కు ఉంటుందని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైల్లో గడిపిన కాలం ఆ హక్కును దానంతటదే రద్దు చేయదని ఈ తీర్పుల వెలుగులో వాదించడానికి గట్టి ఆధారమే ఉంది. పైగా మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది కాబట్టి లాయరు ఖర్చు ఆమెకు అడ్డు కాకూడదు.

అయితే మహిళలపై నమోదయ్యే తీవ్రమైన కేసుల్లో కొన్ని ఆ ఇంటి గోడల మధ్యే పుట్టినవి. భర్త హత్య కేసులో శిక్ష పడిన మహిళకు అదే ఇంట్లోకి వెళ్లే దారి ఎటూ మూసుకుపోతుంది. హత్య చేసినవారు హతుడి ఆస్తికి వారసులు కాలేరని హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ ఆస్తి పిల్లలకు వెళ్లవచ్చు, కానీ ఆ పిల్లలు అప్పటికి ఎవరి పెంపకంలో ఉన్నారన్నది అందరికీ తెలిసిందే. వరకట్న మరణం కేసుల్లో శిక్ష పడిన అత్తల పరిస్థితి దీనికి భిన్నం. వారికి బయట కొడుకులు, ఇల్లు, కొన్నిసార్లు పొలం కూడా ఉంటాయి. ఒకే బారక్‌లో ఉన్నంత మాత్రాన అందరికీ ఒకే ఇంటి సమస్య ఉండదన్న ఈ తేడాను గుర్తించకుండా ‘విడుదలైన మహిళలు’ అని ఒక గంపలో వేసి పథకం రాస్తే, అవసరం లేని చోటికి సాయం వెళ్లి అవసరమైన చోటికి వెళ్లదు.

ఇక పుట్టిల్లు. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది, కేంద్ర చట్టం 2005లో వచ్చింది. కానీ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆడపిల్ల వాటా అంటే పసుపు కుంకుమ కింద పెళ్లినాడే ఇచ్చేశామన్న మాటే ఇప్పటికీ ఎక్కువ చోట్ల చెల్లుతుంది. జైలు నుంచి వచ్చిన ఆడపడుచు పదిరోజులు ఉండటానికి వస్తే అన్నావదినలు అన్నం పెడతారు, వాటా అడగడానికి వస్తే తలుపు వేస్తారు. పెళ్లి కావాల్సిన మేనకోడలు ఇంట్లో ఉంటే పదిరోజులు కూడా ఎక్కువే, ఎందుకంటే సంబంధం చూడటానికి వచ్చేవాళ్లు ముందుగా ఆరా తీసేది ‘లోపలికి వెళ్లొచ్చిన’ మేనత్త గురించే. అంటే హక్కు వాడుకుంటే బంధం పోతుంది, బంధం కాపాడుకోవాలంటే హక్కు ఊసెత్తకూడదు. ఈ చిక్కును ఏ తీర్పూ విప్పలేదు, కాబట్టి విధానం రాసేవారు పుట్టింటిని ఖాయమైన ఆశ్రయంగా లెక్కలో వేసుకోకూడదు.

ఇల్లు లేకపోవడం విడుదల తర్వాతే కాదు, విడుదలకు ముందు కూడా అడ్డం వస్తుంది. బెయిలు వచ్చాక జామీను ఉండేవారు ఇంటి పన్ను రసీదో, ఆస్తి కాగితమో చూపాలి. అద్దె ఇంట్లో ఉండే పనిమనిషికి అలాంటి కాగితం ఉన్న స్నేహితులు ఎందరుంటారు? 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీమేస్త్రీకి 10,000 రూపాయల పూచీకత్తు అడగడమే కాక, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను తిరస్కరించినప్పుడు సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఎక్కడో అరెస్టయిన ఒక ఆంధ్రుడు ఆ ఊళ్లో ఆస్తిపరుడైన జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే అడిగారు. బెయిలు వచ్చిన వారం రోజులకూ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఉచిత న్యాయసహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం మానవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు సూచించింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకు సాయం చేసే పథకం తెచ్చింది. 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీ పూచీకత్తుకు 40,000 రూపాయల దాకా, శిక్ష పడినవారి జరిమానాకు 25,000 దాకా జిల్లా స్థాయిలోనే మంజూరు చేసి ప్రభుత్వం కట్టవచ్చు. జరిమానా కట్టలేక అదనంగా జైల్లో ఉండిపోయేవారికి ఇది నిజంగా ఉపయోగపడే ఏర్పాటు.

కానీ ఈ పథకం మాదకద్రవ్యాల చట్టం కింద కేసులున్నవారికి వర్తించదు. విశాఖ మన్యం నుంచి దక్షిణాదికి గంజాయి వెళ్లే దారి విజయవాడ మీదుగానే, ఆ దారిలో సంచులు మోసేవారిలో ఆడవాళ్లు ఉంటారు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో వాణిజ్య పరిమాణం, అప్పుడు బెయిలు రావడమే కష్టం. కూలి డబ్బుకు మోసిన మనిషి దొరుకుతుంది, మోయించిన మనిషి ఫోన్ నంబరు స్విచ్ఛాఫ్ అవుతుంది. వేరే జిల్లా నుంచి, వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఈ నగరంలో అరెస్టయిన ఇలాంటి మహిళకు ఇక్కడ ఇల్లు లేదు, జామీను లేదు, సాయం పథకంలో చోటూ లేదు. వ్యాపారులను దృష్టిలో పెట్టుకుని రాసిన మినహాయింపు మోతకూలీల మీద పడుతోంది.

ఇప్పుడు ఉన్న ఆశ్రయాల వైపు చూద్దాం. ప్రతి జిల్లాలో ఉండాల్సిన సఖి వన్‌స్టాప్ కేంద్రంలో హింసకు గురైన మహిళ సాధారణంగా అయిదు రోజుల వరకు ఉండవచ్చు. అది అత్యవసర వసతి, అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు. అసలు చోటు, ఆసరా లేని మహిళలు ఎక్కువకాలం ఉండటానికి ఏర్పాటైన శక్తి సదన్. ఒకప్పటి స్వల్పకాలిక వసతి గృహాలు, స్వధార్ గృహాలు, అక్రమ రవాణా బాధితుల కోసం నడిచిన ఉజ్జ్వల కేంద్రాలు విలీనమై 2022 నుంచి ఈ పేరుతో నడుస్తున్నాయి. స్వధార్ గృహాల మార్గదర్శకాల్లో ‘జైలు నుంచి విడుదలై, కుటుంబ, సామాజిక, ఆర్థిక ఆసరా లేని మహిళలు’ అన్న మాట లబ్ధిదారుల జాబితాలో స్పష్టంగా ఉండేది. అంటే నిబంధనల పరంగా తలుపు మూసి లేదు. గృహహింస బాధితులకు ఏడాది, ఇతరులకు మూడేళ్లు, యాభై అయిదు దాటినవారికి అయిదేళ్లు దాకా ఉండే అవకాశం ఆ మార్గదర్శకాల్లో ఉండేది.

కాగితం మీద ఇంత చోటు ఉన్నా విడుదలైన మహిళలు అక్కడికి వెళ్లకపోవడానికి కారణాలు చాలా వరకు ఆ గృహాల పద్ధతిలోనే ఉన్నాయి. గేటుకు తాళం ఉంటుంది, బయటికి వెళ్లాలంటే రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది, తిరిగి వచ్చే వేళ నిర్ణయించి ఉంటుంది, వరుసగా మంచాలు, ఒకే వంటగది. ఏళ్ల తరబడి అలాంటి వరుసలోనే పడుకుని వచ్చిన మనిషికి ఇది కొత్త పేరు పెట్టిన పాత బారక్‌లా కనిపిస్తే ఆమె తప్పు కాదు. రాత్రి క్యాటరింగ్ పనికి వెళ్లి ఒంటిగంటకు వచ్చే మనిషికి ఎనిమిదింటికి మూసే గేటు కుదరదు. ఇంకో సంగతి, స్వధార్ నిబంధనల్లో ఎనిమిదేళ్లు దాటిన మగపిల్లవాడిని తల్లితో ఉంచేవారు కాదు, శక్తి సదన్‌లో ఆ వయసును పన్నెండుకు పెంచారు. పన్నెండేళ్ల హద్దు కూడా తల్లిని ఎటూ కాని చోట నిలబెడుతుంది. చాలాకాలం తర్వాత కొడుకును దగ్గరికి తీసుకోవడానికి వచ్చిన తల్లిని, గూడు కావాలంటే కొడుకును వదిలిరమ్మని చెప్పడమే అవుతుంది.

నగర గూడులేని వారి వసతి కేంద్రాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లక్ష జనాభాకు కనీసం ఒక కేంద్రం, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు అన్నది జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన ప్రమాణం. 2011 జనగణనలోనే పది లక్షలు దాటిన విజయవాడకు ఆ లెక్కన పదికి తక్కువ కాకూడదు. అవి ఎన్ని ఉన్నా రాత్రి పడుకోవడానికే గాని చిరునామాగా చెప్పుకోవడానికి కాదు.

ప్రభుత్వ గృహాలకన్నా ఎక్కువమంది వెతికేది బజారులో అద్దె గదే. సింగ్‌నగర్, వాంబే కాలనీ, కృష్ణలంక, చిట్టినగర్ కొండవాలు, గుంటూరులో శారదా కాలనీ, పాతగుంటూరు సందుల్లో ఒంటిగది వాటాలు దొరుకుతాయి. ఓనరు అడిగే ప్రశ్నలు మాత్రం అన్నిచోట్లా ఒకటే: ఎంతమంది, మీ ఆయన ఏం చేస్తారు, ఇంతకుముందు ఎక్కడున్నారు, ఎందుకు ఖాళీ చేశారు, మీవాళ్లెవరు. చివరి ప్రశ్నకు కులం కూడా జవాబే. ఒంటరి ఆడమనిషి అనగానే కొందరు ‘ఫ్యామిలీకే ఇస్తామండీ’ అని మర్యాదగా పంపేస్తారు. ‘ఇంతకుముందు ఎక్కడున్నారు’ అన్నదానికి అబద్ధం చెప్పి గదిలో చేరినా, బెయిలు షరతు ప్రకారం ప్రతి వారం ఠాణాలో సంతకం చేయాల్సి ఉంటే, ఒక ఆదివారం కానిస్టేబుల్ వచ్చి ఆరా తీస్తే, నెలాఖరుకు ఖాళీ చేయమన్న మాట వస్తుంది. ఓనరును నిందించి లాభం లేదు. పక్క వాటాలవాళ్లు వెళ్లిపోతారన్న భయం అతనికి అద్దె పోతుందన్న భయమే. నిజానికి ఈ ఒక్క భయాన్ని తీర్చగలిగితే సగం పని అయినట్టే.

లేడీస్ హాస్టళ్లు ఈ ప్రశ్నలు తక్కువ అడుగుతాయి. ఆధార్ జిరాక్సు, నెల అద్దె ఇస్తే మంచం, భోజనం దొరుకుతాయి. పిల్లలు లేని, వయసులో ఉన్న మహిళకు మొదటి రెండు మూడు నెలలకు ఇది శక్తి సదన్ కన్నా మెరుగైన చోటు అనిపిస్తుంది. పిల్లలున్నవారికి, యాభై దాటినవారికి ఈ దారి లేదు.

విడుదలైనవారందరికీ ఒకచోట కాలనీ కట్టిస్తే సరిపోదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. గుంటూరు ప్రాంతానికి ఈ ప్రయోగం చరిత్రలో కొత్త కాదు. కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల తదితర తెగల కుటుంబాలను ఒకచోట ఉంచడానికి 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది, కృష్ణానది ఒడ్డున సీతానగరంలోనూ అలాంటిదే నడిచింది. ఇళ్లూ ఇచ్చారు, పనీ ఇచ్చారు, బయటికి వెళ్లడానికి అనుమతి చీటీలూ పెట్టారు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది, కానీ స్టువర్టుపురం అన్న పేరు చెబితే చాలు అనుమానంగా చూడటం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పోలేదు. విజయవాడకు చెందిన సంఘ సంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు 1970లలో అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టినప్పుడు ఎదుర్కొన్న పెద్ద గోడ మనుషుల అలవాట్లకన్నా ఊరి పేరుకు అంటిన మచ్చే అని చెప్పవచ్చు. చిరునామాయే నేరచరిత్రగా మారిన ఆ అనుభవం కళ్లముందుండగా విడుదలైన మహిళలకు విడిగా ఒక కాలనీ, ఒక బ్లాకు, ఒక బోర్డు పెట్టడం తగదు. అందరితో పాటు మామూలు వీధిలో ఉండే గదే వారికి కావాలి.

అలాంటి గదికి అయ్యే ఖర్చు ఎంత? నెలకు 5,000 అద్దె, రెండు నెలల అడ్వాన్సు అనుకుంటే ఆరు నెలలకు 30,000 అద్దె, 10,000 అడ్వాన్సు, మొత్తం 40,000 రూపాయలు. పేద ఖైదీ పూచీకత్తుకు 2023 మార్గదర్శకాలు జిల్లా స్థాయిలో పెట్టిన హద్దు కూడా సరిగ్గా ఇంతే. గేటు బయటికి తేవడానికి ఒప్పుకున్న ఖర్చును గేటు బయట నిలబెట్టడానికీ ఒప్పుకోవచ్చు. పైగా అడ్వాన్సు గది ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చే డబ్బు, అది ఇంకొకరికి పనికొస్తుంది. ప్రతి ఒక్కరికీ ఈ సాయం అక్కర్లేదు. కుటుంబం తీసుకువెళ్లేవారిని, హాస్టల్‌లో సర్దుకోగలవారిని పక్కనపెడితే ఒక జిల్లాలో ఏడాదికి మిగిలేవారు కొద్దిమందే ఉంటారు. నూటికి నలుగురన్న సంఖ్య ఇక్కడ మొదటిసారి వారికి అనుకూలంగా పనిచేస్తుంది.

డబ్బుకన్నా ముఖ్యమైనది సంతకం. ఓనరుకు భయం ఉన్నది అద్దె ఆగిపోతుందని, గొడవ వస్తే ఎవరిని అడగాలో తెలియదని. మొదటి ఆరు నెలలకో ఏడాదికో అద్దెకు పూచీ పడే సంస్థ ఉంటే, ఆ సంస్థ ఫోన్ నంబరు ఓనరు దగ్గర ఉంటే, కానిస్టేబుల్ ఆరా తీయాల్సింది ఇంటికి వచ్చి కాకుండా ఆ సంస్థ ద్వారా అని ముందే మాట్లాడుకుంటే, చాలా తలుపులు తెరుచుకుంటాయి. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు అనుబంధంగా 1990లో మొదలైన ప్రయాస్ జైళ్లలోనూ, విడుదలైనవారితోనూ సామాజిక కార్యకర్తలను పెట్టి పనిచేస్తోంది. విజయవాడలో మహిళల కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న సంస్థలకు కొదవ లేదు. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి అందుకు ఒక ఉదాహరణ. వారికి కొత్త భవనం కట్టే నిధులకన్నా అద్దె పూచీకి చిన్న నిధి, ఒకరిద్దరు కార్యకర్తల జీతం ఇస్తే ఎక్కువ ఫలితం వస్తుంది. భవనానికి శంకుస్థాపన ఉంటుంది గాని అద్దె పూచీకి శంకుస్థాపన ఉండదు, బహుశా ఈ ఆలోచన ఇంతవరకు ఎవరికీ నచ్చకపోవడానికి అదీ ఒక కారణం.

ఈ పని జైలు లోపలే మొదలుకావాలి. న్యాయసేవాధికార సంస్థ తరఫున జైలుకు వచ్చే పారాలీగల్ వలంటీరు (న్యాయసహాయ కార్యకర్త) కేసు వివరాలతో పాటు ఇంకో నాలుగు విషయాలు రాసుకోవచ్చు: రికార్డులోని ఇల్లు ఇంకా ఉందా, అక్కడికి వెళ్లడం క్షేమమేనా, పిల్లలు ఎక్కడున్నారు, ఆధార్‌కు జోడించిన నంబరు పనిచేస్తోందా. శిక్ష పడినవారి విషయంలో విడుదలకు మూడు నెలల ముందు, విచారణ ఖైదీల విషయంలో మొదటి వారంలోనే ఈ చీటీ తయారైతే, బెయిలు వచ్చిన సాయంత్రం ఎవరికి ఫోన్ చేయాలో జైలు సిబ్బందికి తెలుస్తుంది. ఆ రాత్రికి సఖి కేంద్రం, పదిరోజులకు హాస్టల్, నెలలోపు గది అన్న వరుస అప్పుడు సాధ్యమవుతుంది. ఆశ్రయ గృహం నిర్వాహకురాలు ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ చిరునామా మార్పుకు అంగీకరించే వీలు ఇప్పటికే ఉంది కాబట్టి కాగితాల చిక్కుముడిలో మొదటి పోగు అక్కడ పట్టుకోవచ్చు.

పిల్లల సంగతి ఈ వరుసకు గడువు పెడుతుంది. తల్లితో పాటు జైల్లో ఆరేళ్ల వరకే పిల్లలు ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మన రాష్ట్రం కేసులోనే వచ్చింది, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ఆరేళ్లు నిండిన పిల్లలు బంధువుల దగ్గరికో బాలల గృహానికో వెళ్తారు. బాలల గృహంలో ఉన్న బిడ్డను తిరిగి తెచ్చుకోవాలంటే తల్లి బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లాలి. బిడ్డను ఎక్కడ ఉంచుతావని వారు అడుగుతారు, ఆ ఇల్లు చూసి రమ్మని మనిషిని పంపుతారు, అడగాల్సిన ప్రశ్నే అది. గది దొరికేదాకా బిడ్డ రాదు. బిడ్డ లేకుండా ‘ఫ్యామిలీ’ కాదు కాబట్టి గది దొరకదు. ఈ వలయాన్ని తెంచేది పదకొండు నెలల అద్దె ఒప్పందం కాగితం ఒక్కటే. ఆ కాగితంలో పూచీదారుగా సంస్థ పేరు ఉన్నా అద్దెదారుగా ఆమె పేరే ఉండాలి, రసీదు నెలనెలా ఆమె పేరునే రావాలి. సమితి ముందు చూపించాల్సిందీ, బ్యాంకులో కేవైసీకి ఇవ్వాల్సిందీ, వార్డు సచివాలయంలో విడి కుటుంబంగా నమోదుకు జతచేయాల్సిందీ ఆ కాగితమే.